ఛార్జీలు మేమిస్తాం, మీరు వచ్చెయ్యండి

పెళ్ళి పిలుపుల్లో ఈ మాట వినే ఉంటారు. రేపల్లె నుంచి తెనాలికి పాసింజరెక్కి వచ్చినాయన టిక్కెట్టు డబ్బులు కూడా అడగడు. ఇంకొకాయన బాపట్ల నుంచి ఏసీ కారు మాట్లాడుకుని దిగుతాడు. పైగా ఆ కారు వాళ్ళ బామ్మర్దిదే అయితే? సరిగ్గా ఇదే తలనొప్పి ఇథీరియంలోనూ ఉంది.

మా బాపట్ల ఇంజనీరింగు బ్యాచ్ వాళ్ళం జూనియర్ల ఫీజుల కోసం చెయిన్ మీద ఒక చిన్న నిధి పెట్టుకున్నాం. (బ్యాంకు ఖాతా సరిపోదా అనకండి, సాఫ్ట్‌వేరోళ్ళం, అంత తేలిగ్గా వదలం.) డబ్బు ఎవరికివ్వాలో ఓటేసి తేల్చుకోవాలి. ఓటంటే ఒక ట్రాన్సాక్షన్, దాని గ్యాస్ ఖర్చు ఓటరు నెత్తిన. దాంతో జనం ఓటెయ్యడం మానేశారు. ఆ గ్యాస్ నిధే తిరిగిచ్చేస్తే పోలా అన్నాడు రేపల్లె తమ్ముడొకడు. అనడమే కాదు, కోడ్ కూడా రాసి పంపాడు.

చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఫంక్షన్ మొదట్లో ఎంత గ్యాస్ ఉందో రాసిపెట్టుకో, చివర్లో మళ్ళీ చూడు, తేడాని ట్రాన్సాక్షన్ గ్యాస్ ధరతో హెచ్చవేసి ఓటరుకి పంపు. అంతే.

ఆ ధర ఎవరు పెట్టారు? ఓటరే! 2021 ఆగస్టు నుంచి గ్యాస్ ధరలో రెండు ముక్కలున్నాయి. బేస్ ఫీజు కాలిపోతుంది, ఎవరికీ దక్కదు. ప్రయారిటీ ఫీజు మాత్రం బ్లాకు కట్టినవాడి జేబులోకి పోతుంది. మామూలుగా ఎవడూ దాన్ని పెంచుకోడు, తన డబ్బు కాబట్టి. తిరిగి వస్తుందంటే ఆ అడ్డు పోయినట్టే. 2 లక్షల గ్యాస్‌కి 5,000 గ్వెయ్ పెడితే అక్షరాలా 1 ఈథర్. బ్లాకు కట్టేవాడు తనవాడైతే (బామ్మర్ది కారు!) ఒక్క ఓటుతో ఒక పిల్లాడి ఫీజు గోవిందా.

"మనోళ్ళు అట్లా చేస్తారా అన్నాయ్?" అన్నాడు తమ్ముడు, కాస్త నొచ్చుకుని. చెయ్యరు. కానీ ఒకడి ప్రైవేట్ కీ పోతే ఓటేసేది మనోడు కాదుగా! 2022 అక్టోబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ సంగతి చూడండి. విత్‌డ్రాయల్ గ్యాస్ తనే భరిస్తూ, దానికి హద్దు పెట్టలేదు. ఎవరో ఆ గ్యాస్‌తోనే ఎక్సెన్ టోకెన్లు ముద్రించుకున్నారు. సుమారు 80 ఈథర్లు పోయాయి.

మరి దారి లేదా అంటే, నౌన్స్ డీఏఓ వాళ్ళు ఓట్లకి ఇదే పని చక్కగా చేశారు. లెక్కలోకి తీసుకునే బేస్ ఫీజుకి 200 గ్వెయ్, ప్రయారిటీ ఫీజుకి 2 గ్వెయ్ పరిమితి. గ్యాస్ 2 లక్షలు దాటితే మిగతాది ఓటరు ఖర్చు. ఇది ఎందుకంటే, ఓటుతోపాటు "కారణం" అని పేజీలకి పేజీలు రాసేవాళ్ళుంటారు, ఆ అక్షరాలకీ గ్యాసే. ఓటు బలం సున్నా అయితే ఏమీ ఇవ్వరు. ట్రాన్సాక్షన్‌కి పడే 21,000 గ్యాస్, పంపిన డేటా ఖర్చు ఫంక్షన్ లోపలి కొలతలో కనపడవు కాబట్టి 36,000 విడిగా కలుపుతారు.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. ముందు ఓటు నమోదవుతుంది, డబ్బు ఆ తర్వాతే కదులుతుంది. 2016లో ది డీఏఓ కొంప ముంచింది ఈ వరస తిరగబడటమే. పైగా డబ్బు పంపడం విఫలమైనా ఓటు రద్దు కాదు, విఫలమైందని లాగ్‌లో పడుతుందంతే. నిధిలో తక్కువుంటే ఉన్నంతే ఇస్తారు. ఖాళీ గల్లాపెట్టె వల్ల ఓటు హక్కు పోకూడదు కదా!

ఇవన్నీ మా కోడ్‌లో పెట్టాం. ఇక బేస్ ఫీజు పరిమితి దగ్గర పేచీ. హద్దులెందుకన్న తమ్ముడే ఇప్పుడు 20 గ్వెయ్ చాలంటున్నాడు :) రద్దీ రోజున ఓటేసినోడికి సగం కూడా రాదురా అని నేను, 50 అయినా ఉండాలని. వచ్చే ఆదివారం తెనాలి వస్తానన్నాడు, కూర్చుని తేల్చుకోవాలి.