పిల్లలతో నందిహిల్స్

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో సెలవురోజు వచ్చిందంటే "పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం?" అన్న ప్రశ్న తప్పదు. సినిమాలు, మాల్స్ ఎలాగూ ఉన్నాయి. అపార్టుమెంట్లలో లిఫ్టు ఎక్కి దిగే పిల్లలకు మట్టి మీదా, రాతి మీదా నడిచే అలవాటే తప్పిపోతోంది. అదృష్టవశాత్తు మన చుట్టూ కొండలకు కొదవలేదు.

మొదటి పాఠానికి ఊరు దాటనక్కర్లేదు. లాల్‌బాగ్‌లోని పెద్ద బండ చాలు. సుమారు 300 కోట్ల సంవత్సరాల నాటి ఈ శిలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ స్మారకంగా గుర్తించింది. పైన కెంపేగౌడ కట్టించిన చిన్న గోపురం ఉంది. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటే నాలుగేళ్ల పిల్లలు కూడా ఎక్కగలరు. ఎక్కడం కన్నా దిగడంలోనే జాగ్రత్త అవసరం. పిల్లల చెప్పులకు పట్టు ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

అది అలవాటయ్యాక నందిహిల్స్. కన్నడిగుల నోట ఇది నందిబెట్ట. నగరానికి 60 కిలోమీటర్ల దూరం, సముద్రమట్టానికి 4,851 అడుగుల ఎత్తు. టిప్పు సుల్తాన్ వేసవి విడిది, అమృత సరోవరం, యోగనందీశ్వరాలయం చూడదగ్గవి. 1927లోనూ, 1936లోనూ గాంధీజీ ఆరోగ్యం కోసం ఇక్కడ విశ్రాంతి తీసుకున్నారు. కింది నుంచి వెయ్యికి పైగా మెట్లున్న దారి ఉంది గానీ, చిన్నపిల్లలతో పైదాకా వాహనంలో వెళ్లి, అక్కడ తీరిగ్గా నడవడం మేలు. శని, ఆదివారాల్లో రద్దీ విపరీతం. వాహనాల నిబంధనలు ముందే కనుక్కుని బయలుదేరాలి.

మన తెలుగువాళ్లకు ఈ కొండతో మరో బంధుత్వం ఉంది. మన పెన్నానది పుట్టింది ఈ కొండల వరుసలోనే. చెన్నకేశవ కొండల దగ్గర మొదలై, ఉత్తరంగా సాగి, హిందూపురం వైపు ఆంధ్రలో ప్రవేశించి, గండికోట దగ్గర కొండను చీల్చుకుని, సోమశిల మీదుగా నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. ఇదే ప్రాంతంలో పుట్టిన అర్కావతి మాత్రం దక్షిణంగా పోయి కావేరిలో కలుస్తుంది.

మా పూర్వీకుల ఊరు నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డునే. అక్కడ మా ఇల్లు ఇప్పుడు లేదు. మనవలకు చూపించి "ఇది మనది" అనడానికి మిగిలింది ఆ నది ఒక్కటే. కిందటి వానాకాలం కొండ మీద సన్నటి జల్లు పడుతుంటే ఈ సంగతంతా ఆరేళ్ల మనవడికి చెప్పాను. వాడు రెయిన్‌కోటు మీది నీళ్లు దులుపుతూ, "అయితే తాతయ్యా, ఈ వాన మీ ఊరికి పోతుందా?" అన్నాడు. ఎండాకాలంలో ఎగువ పెన్న ఎక్కువగా ఇసుకే అని వాడికింకా చెప్పలేదు. ఈసారి గండికోటకు తీసుకెళ్లినప్పుడు చెప్పాలి.

ఇక సరంజామా. పాదాలు ఏటా పెరిగే పిల్లలకు ఖరీదైన బూట్లు దండగ. అడుగు అరగని, మడమకు పట్టీ ఉన్న జోళ్లు చాలు. హవాయి చెప్పులు వద్దే వద్దు. తెల్లవారుజామున మంచు, చలిగాలి ఉంటాయి కనుక స్వెట్టరు, చెవులు కప్పే టోపీ అవసరం. ఆ గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటే నయం. పొడి బట్టలు ఒక జత అదనంగా ఉండాలి. మెడ నిలిపి కూర్చోగల పసివాళ్లను వీపున మోసే సంచులు దొరుకుతాయి. కొనేముందు పిల్లను కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, కాసేపు నడిచి చూడాలి.

పిల్లలు కూడా చిన్న సంచి మోయాలి. అందులో నీళ్ల సీసా, ఒక ఈల. తప్పిపోతే ఉన్నచోటే నిలబడి ఈల వేయాలని ఇంటి దగ్గరే నేర్పాలి. పులిహోర, పెరుగన్నం మూతగట్టి డబ్బాల్లో పెట్టి సంచిలోనే ఉంచాలి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే కోతులు వదలవు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దెబ్బలకు పట్టీలు మరువరాదు.

టిప్పు డ్రాప్ అనే నిట్టనిలువు కొండంచు దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్దవాళ్లు ఉండాలి. ఫొటో తీసేవాళ్లు ఆ లెక్కలోకి రారు. రాయి తడిసిందా, ఆ పక్కకే పోవద్దు. ఉరుములు వినిపిస్తే వెంటనే బండల మీది నుంచి దిగి కట్టడంలోకో, కారులోకో వెళ్లాలి.

తిరుగు ప్రయాణంలో కొండ కింద నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం దగ్గర ఆగండి. వెయ్యేళ్లు దాటిన గుడి. విశాలమైన ప్రాకారంలో పిల్లలు హాయిగా పరుగెత్తవచ్చు. పుష్కరిణి మెట్ల దగ్గర మాత్రం మళ్లీ చెయ్యి పట్టుకోండి. మధ్యాహ్న భోజనం వేళకు ఇల్లు చేరితే, ఆ సాయంత్రమే పిల్లలు "మళ్లీ ఎప్పుడు?" అని అడుగుతారు.