మట్టి చెరిగేలోగా రాయాల్సింది

కళల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఏం రాయాలి? ఈ ప్రశ్నతోనే రావులపాలెం మీదుగా కొత్తపేట వెళ్లాను. కూడళ్లలో నిలిపే విగ్రహాలకు ఆ ఊరిది పెద్ద పేరు. రాజ్‌కుమార్ వుడయార్ లాంటి శిల్పుల ఊరది.

నేను వెళ్లిన శిల్పశాలలో, ఇనుప చువ్వల చట్రం మీద ఒక పెద్దమనిషి మట్టి రూపం సిద్ధమవుతోంది. ఆరిపోకుండా తడిగుడ్డలు చుట్టారు. గోడకు ఒకే ఒక్క ఫొటో ఉంది, అదీ ఎదురుగా తీసింది.

"మరి పక్కనుంచి ముఖం ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"వాళ్లబ్బాయిని కూర్చోబెట్టి చూశామండి. దవడ అచ్చం తండ్రిదే" అన్నారు పెద్ద శిల్పి.

తల కాస్త పెద్దదిగా ఉందేమిటన్నాను.

"దిమ్మె ఎక్కాక జనం కిందనుంచి చూస్తారు కదండీ, తల చిన్నదైపోద్ది. అందుకే ఇప్పుడే పెంచుతామండి."

ఈ రెండు జవాబులూ పరిశోధనే. అయితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీశాక మట్టిని తవ్వేసి, తడిపి, మరో విగ్రహానికి వాడతారు. అచ్చులోంచి వచ్చిన ఫైబర్ బొమ్మలో రూపం నిలుస్తుంది గానీ, దాని వెనకున్న ఆలోచన మట్టితోనే పోతుంది. రాత అవసరం అక్కడే.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి సిద్ధాంత గ్రంథం తప్పనిసరి. కళ గురించి చేసే పరిశోధన వేరు, కళ ద్వారా చేసేది వేరు అని లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో క్రిస్టఫర్ ఫ్రేలింగ్ 1993లోనే విడదీసి చెప్పారు. ఆస్ట్రేలియాలో కళాకృతినీ దాని వెంట రాసిన వివరణనూ కలిపి పరీక్షించి డాక్టరేట్ ఇచ్చే పద్ధతి ఉంది.

రాత ఎంత అవసరమో మనకు పేరిణి నాట్యం నేర్పింది. కాకతీయుల గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని, 20వ శతాబ్దంలో ఆ నాట్యాన్ని మళ్లీ రంగస్థలం ఎక్కించారు. శిల్పం ఒక్క భంగిమనే పట్టుకోగలదు. నడక తెలియాలంటే గ్రంథం కావాలి.

అందుకే శిల్ప విద్యార్థిని శిల్పకళా చరిత్ర ఒక్కటే రాయమంటే చాలదు. దవడ ఎక్కడ చూశావు, తల ఎంత పెంచావు, ఏది చెరిపి మళ్లీ చేశావు అని అడగాలి. ఆ కిటుకు చెప్పిన శిల్పి పేరూ గ్రంథంలో ఉండాలి. పరీక్షకులు విగ్రహం ముందు నిలబడి ఆ గ్రంథం చదవాలి. అప్పుడే కొత్తపేటలో చేతినుంచి చేతికి అందుతున్న విద్య, ఆ శిల్పశాల గడప తొక్కని విద్యార్థికీ దక్కుతుంది.