ముప్పై అయిదు

జనవరి 21, 2025

ఆపరేషన్ రేపట. కుడి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగినయి. మడమ నలిగింది.

నాయిన ఒంటి నిండా కల్లు. ఎక్సెల్ బండికి కట్టిన లొట్లు పగిలి అంగీ మీద పడి అక్కడే ఎండినయి. పక్క మంచపాయన ముక్కు మూసుకున్నడు. అమ్మ తడిబట్టతోని తుడుస్తనే ఉన్నది, వాసన పోతలేదు.

"తాగి నడిపిండా?" డ్యూటీ డాక్టర్ అడిగిండు. లేదు సార్, గీత పని అన్న. తల ఊపుకుంట ఏదో రాసుకున్నడు. ఏం రాసిండో.

జనవరి 22

బాబాయి ఫిర్యాదు ఇచ్చిండు. ఎఫ్ఐఆర్ అయింది. బీఎన్ఎస్ 281, 125(ఎ). ఎముక విరిగితే (బి) పడాలె కదా అంటే, "వూండ్ సర్టిఫికెట్ వచ్చినంక మారుస్తం" అన్నరు. ఫిర్యాదిదారుకు కాపీ ఉత్తగనే ఇయ్యాలె. మిషన్ ఖరాబైందట. బయట జిరాక్స్ తీయించుకొచ్చిన.

గుద్దిన డీసీఎం వ్యాను ఆగకుంటనే పోయిందట. హైవే నుంచి మన ఊరి రోడ్డు తిరిగే కాడ చాయ్ హోటలాయన నంబర్ చూసిండు. లేకుంటే ఎవడో తెలియకపోవు. గుద్దినోడు తెలియకపోతే కాలు విరిగినోనికి సర్కారు ఇచ్చేది 50 వేలు. పానం పోతే 2 లక్షలు. అంతే.

దవాఖానకు తెచ్చిన ఆటో ఆయన పేరు చెప్పకుండనే వెళ్లిపోయిండు. సాయం చేసినోళ్లను కేసుల ఇరికించొద్దని 2019ల చట్టం మార్చిండ్రట. ఆ సంగతి ఆటో ఆయనకు ఎవలు చెప్పాలె?

జనవరి 27

డీసీఎం ఓనర్ వచ్చిండు. ఎంట మాజీ సర్పంచ్. ఆపిల్ పండ్లు. కేసు వాపస్ తీస్కుంటే దవాఖాన ఖర్చు అంతా తనదేనట.

"కట్టేది నువ్వా, నీ ఇన్సూరెన్స్ కంపెనీయా?" అన్నడు మామ.

ఓనర్ ఫోన్ చూసుకున్నడు. మాజీ సర్పంచ్ కిటికీ చూసిండు.

అమ్మ ఆ పండ్లు ముట్టలే. తమ్ముడు రెండు తిన్నడు.

ఫిబ్రవరి 8

ఇంటికొచ్చినం. ఆపరేషన్ ఆరోగ్యశ్రీల పోయింది. వాకరు, బయట కొన్న మందులు, ఆంబులెన్సు మనయే. బిల్లులన్నీ ఒక బట్టల షాపు సంచిల వేస్తున్న.

కేస్ షీట్ కాపీ ఇచ్చిండ్రు. రెండో లైన్ల ఉన్నది. "స్మెల్ ఆఫ్ ఆల్కహాల్", దాని పక్కకు ఒక ప్లస్ గుర్తు. రక్తం తీసి పరీక్ష చేసినట్టు ఎక్కడా లేదు. అడిగితే "రాసింది కొట్టెయ్యరాదమ్మా" అన్నరు.

నాయినకు చెప్పలే. చెప్పాల్నా?

ఫిబ్రవరి 20

ఎవలో ఒకాయన బైకు మీదొచ్చిండు. నాయిన పేరు, వార్డు నంబర్, ఆపరేషన్ తారీఖు అన్నీ తెలుసు ఆయనకు. హైదరాబాద్ల పెద్ద వకీలట, పైసా కట్టేది లేదట, వచ్చిన దాంట్ల నూటికి పాతిక ఇస్తే చాలట. తెల్ల కాయితాల మీద సంతకాలు అడిగిండు.

అమ్మ నా దిక్కు చూసింది. నాయినకు సంతకం చెయ్యొస్తది గానీ చెయ్యి చాపలే. మంచమ్మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

మార్చి 12

నల్గొండ. కోర్టుల న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు. దరఖాస్తు తీసుకొని ఒక మేడంకు అప్పజెప్పిండ్రు. పాతిక వాటా సంగతి చెప్తే నవ్వింది. వాటాకు కేసు పట్టుడు బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధమట.

ఆమె అడిగినయి: ఎఫ్ఐఆర్, చార్జిషీటు, పంచనామా, స్కెచ్, ఎంవీఐ రిపోర్టు, వూండ్ సర్టిఫికెట్, ఆ బండి ఆర్‌సీ, పాలసీ, డ్రైవర్ లైసెన్సు. పోలీసులే 48 గంటలల్ల మొదటి రిపోర్టు, 90 రోజులల్ల పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలెనట. 2022 సంది రూల్.

"పంపుతరా మేడం?"

"నువ్వు తిరుగు."

కేసు వేసెటందుకు ఆరు నెలల గడువు. ఇదివరకు లేకుండె, 2022 ఏప్రిల్ సంది మల్ల పెట్టిండ్రు. జులై 20 దాటొద్దు.

ఎక్సెల్‌కు ఇన్సూరెన్స్ లేదని భయపడుకుంటనే చెప్పిన. మన క్లెయిమ్ వాళ్ల బండి పాలసీ మీద గదా అన్నది. హెల్మెట్? "తలకు తగిలిందా?" లేదన్న. "మరి?"

కేస్ షీట్ చూపిచ్చిన. చానాసేపు చదివింది. చట్టంల తాగినట్టు లెక్క ఎప్పుడంటే, 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటితే. ముక్కుతోని కొలిచేది కాదు. కానీ వాళ్లు దీన్ని వదలరు అన్నది.

ఏప్రిల్ 3

మన చెట్లు వేరేటోళ్లకు అప్పజెప్పిండ్రు. సంఘం మీటింగుల తీర్మానం. తప్పు లేదు, గీయకుంటే చెట్టు ఎండిపోతది. సీజన్ ఇదే.

సంఘం పెద్దమనిషి ఇంటికొచ్చి చెప్పి పోయిండు. చెట్టు మీదికెళ్లి పడితే సర్కారు ఎక్స్‌గ్రేషియా ఉన్నది, రోడ్డు మీద పడితే లేదన్నడు. గీత పింఛన్‌కు యాభై ఏండ్లు నిండాలె. నాయినకు నలభై నాలుగు.

సాయంత్రం నాయిన మోకు తీయించి నూనె రాసిండు. ఎందుకో అడగలే.

మే 7

పేపర్ల ఉన్నది. రోడ్డు ప్రమాదం అయినోళ్లకు ఏడు రోజులు, లక్షన్నర దాక నగదు లేని చికిత్స. దేశమంతట. మే 5 సంది అమల్లోకి వచ్చిందట.

మంచిదే. ఎవలకన్న అక్కరకొస్తది. కట్ చేసి సంచిల పెట్టిన.

జూన్ 4

ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి. మంచిగ మాట్లాడిండు, నాయిన కాలు కూడ చూసిండు. మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ కింద రెండున్నర లక్షలు, తప్పెవరిదని అడిగేదే లేదు, తొందరగ వస్తయి. ఒక్క సంతకం.

అమ్మకు ఆశ కలిగింది. వడ్డీ ఆగుతలేదు. నాకూ కలిగింది, అబద్ధమెందుకు.

మేడంకు ఫోన్ చేసిన. ఇప్పుడు అది తీస్కుంటే 166 కింద వేసే కేసు అక్కడికే ఖతం అన్నది. వచ్చిన మనిషి ఆ మాట చెప్పలే. అడిగితే "అదే చెప్పబోతున్న" అన్నడు.

చాయ్ తాగి పోయిండు. రాత్రి అమ్మ నాతోని మాట్లాడలే.

జూన్ 18

పిటిషన్ పడ్డది. మొదటి ప్రతివాది డ్రైవర్, తర్వాత ఓనర్, తర్వాత కంపెనీ.

నకళ్లు సరిచూసుకుంట పంచనామా మల్ల చదివిన. ఇన్నిసార్లు జిరాక్స్ తీయించిన గానీ ఈ లైను కండ్లవడలే. "రోడ్డు ఎడమ అంచుకు నాలుగడుగుల దూరంలో పగిలిన మట్టి లొట్లు, కల్లు పారిన తడి గలదు." ఆ హెడ్ కానిస్టేబుల్ ఎవలో గానీ చేతిరాత గుండ్రంగ ఉన్నది.

మేడం ఆ లైను కింద ఎర్ర పెన్నుతోని గీసింది. ఈ ఒక్క లైనుతోని ఆ ప్లస్ గుర్తు పోతదా?

ఆగస్టు 22

వైకల్యం సర్టిఫికెట్‌కు సదరం క్యాంపు. లైన్ల నిలబడలేక నాయిన మెట్ల మీద కూసున్నడు. డాక్టర్ పాదం పట్టుకొని పైకి, కిందికి వంచి చూసిండు. మడమ కదలలే. రాసిచ్చిండు: ముప్పై అయిదు శాతం.

"పాసైనవ్ నాయినా" అన్నడు తమ్ముడు. నాయిన నవ్విండు. చానా రోజులకు.

పింఛన్‌కు నలభై ఉండాలె.

బస్సుల అడిగిండు. "ముప్పై అయిదు పొయ్యిందంటే అరవై అయిదు ఉన్నట్టేనా? చెట్టు సగం దాక ఎక్కేటోడు ఉంటడా బిడ్డా?"

సెప్టెంబర్ 13

లోక్ అదాలత్. జాతరకొచ్చినంత మంది. పొద్దటి సంది కూసుంటే మూడు గంటలకు పిలిచిండ్రు. కంపెనీ వకీలు అయిదు లక్షలన్నడు. ఇక్కడ ఒప్పుకుంటే అదే ఆఖరు, అప్పీలు ఉండది. ఒప్పుకోకపోతే కేసు యథాతథం.

మేడం బెంచీ మీదనే లెక్క వేసింది. నెలకు 12 వేలు, సొంత పని చేసుకునే నలభై దాటినోనికి ముందు ముందు పెరిగే ఆదాయం కింద ఇంకో పాతిక శాతం, మొత్తం 15 వేలు. ఏడాదికి లక్షా 80 వేలు. నలభై నాలుగేండ్లకు సరళా వర్మ పట్టికల గుణకం 14. అంటే 25,20,000. అందుల ముప్పై అయిదు శాతమే తీస్కున్నా 8,82,000. దవాఖాన ఖర్చులు, నొప్పికి ఇచ్చేది వేరే.

అసలు కొట్లాట ఆ ముప్పై అయిదు మీదనేనట. కాలు ఎంత పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందని చూడాలె. 2010ల రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.

వాళ్లు నెలకు 8 వేలే అంటున్నరు. కల్లుకు రసీదు ఉంటదా?

"వద్దు సార్." నాయిననే అన్నడు. మేడంను అడగలే, నన్నూ అడగలే. లేచి కర్ర తీసుకున్నడు.

నవంబర్ 11

నాయిన బోను ఎక్కిండు. వాళ్ల వకీలు మొదటి ప్రశ్నే అది.

"రోజూ కల్లు తాగుతవా?"

"గీసెటోన్ని సార్. రుచి చూడకుంట ఎట్ల అమ్మాలె?"

మేడం కండ్లు మూసుకున్నది. వెనక బెంచీల ఎవలో నవ్విండ్రు. జడ్జి గారు కూడ తల దించుకున్నడు. నవ్విండో లేదో.

"ఆ రోజు తాగి బండి నడిపినవ్."

"లేదు. లొట్లు నా మీద పగిలినయి. పోలీసులే రాసుకున్నరు."

పంచనామా జడ్జి ముందట్నే ఉన్నది.

తర్వాత ఇంకోటి. "ఇప్పుడు కల్లు దుకాణంల కూసుంటున్నవ్ కదా?" కూసుంటున్న అన్నడు. రోజుకెంత? మూడు వందలు, దుకాణం తెరిచిన రోజు.

అది నిజమే. అక్టోబర్ సంది కూసుంటున్నడు. నేనైతే ఆ మాట దాటేద్దును. నాయిన దాటెయ్యలే.

బయటికొచ్చినంక మేడం అన్నది, వంద శాతం రాకపోవచ్చు ఇగ. 2020ల పప్పు దేవ్ యాదవ్ కేసు. చెయ్యి పోయిన టైపిస్టు, సుప్రీంకోర్టు 65 కట్టింది. ఆ చుట్టుపట్ల అడుగుదాం.

నాయిన అప్పటికే చాయ్ బండి కాడ ఉన్నడు. ఎవలకో చెప్తున్నడు, ఎట్ల అడిగిండు, ఎట్ల చెప్పిన అని.

డిసెంబర్ 9

డాక్టర్ సాక్ష్యం. తొందరల ఉన్నడు, గడియారం చూసుకుంట చెప్పిండు. మడమ బిగుసుకుపోయింది, ఇగ వంగదు.

మేడం గుజి చేతుల పట్టుకొని చూపిచ్చింది. ఇంటి నుంచి నేనే తీస్కపోయిన. రెండు పాదాలకు దీన్ని తగిలిచ్చి, కాలు మడిచి చెట్టును అదిమి పట్టాలె. ఈయన చెయ్యగలడా?

"చెయ్యలేడు."

వాళ్ల వకీలు: సర్టిఫికెట్‌ల ముప్పై అయిదే రాసినరు కదా?

"అది అవయవం లెక్క. చెట్టు ఎక్కుడు వేరే."

జడ్జి గారు ఆ రెండు ముక్కలూ చెప్పి టైపు చేయించిండు. నేను విన్న.

వాదనలు జనవరి 19కి వేసిండ్రు. తీర్పు తక్కువొస్తే హైకోర్టుకు పోవచ్చు, తొంభై రోజుల గడువు. సంచి చినిగింది, కొత్తది కొనాలె.