మాట వినబడని చలనచిత్రము

గృహమునందు చలనచిత్రము చూచునపుడు సంగీతము గోడలదరునట్లు మ్రోగుచుండ, పాత్రల మాటలు మాత్రము వినబడకుండుట పెక్కిండ్లలో మేము చూచితిమి. అప్పుడందఱును "అత్తగారికి చెవులు మందగించినవి" అని తేల్చివేయుదురు. ఆమె మారుమాటాడక లేచి తన గదిలోనికి బోవును. సోదరీమణులారా! చెవిని నిందించుటకు ముందు యంత్రమును పరీక్షింపవలదా?

ఐదు స్పీకర్లును, మంద్రధ్వనికై యొక సబ్‌వూఫరును గల అమరికను 5.1 అందురు. అందు సంభాషణములో అధికభాగము టీవీకడ నుండు మధ్య స్పీకరునుండియే వెలువడును. కావున మొదట దాని తీగ వదులైనదేమో చూడవలెను. పిదప రిసీవరు సెట్టింగులలో ఆ స్పీకరు ఉన్నట్లు నమోదైనదో లేదో కనుగొని, దాని ధ్వనిని మాత్రము రెండు మూడు డెసిబెల్లులు పెంచవలెను. రెండే స్పీకర్లున్న యిండ్లలో ధ్వనిని స్టీరియోకు మార్చి చూడవలెను.

సినిమాశాలకై కూర్చిన ధ్వనిలో గుసగుసకును పిడుగుపాటుకును అంతరము మిక్కిలి హెచ్చు; చిన్నగదిలో నది పొసగదు. నైట్ మోడ్ పెట్టినచో ఆ యంతరము తగ్గి మెల్లనిమాట పైకి దేలును.

మాట ముందు వచ్చి పెదవి వెనుక కదలుట మఱియొక చిక్కు. చిత్రమును తీర్చుటకు టీవీకి కొంత వ్యవధి పట్టుటయే దీనికి తఱచుగ హేతువు. ఆడియో డిలే యనుచోట ధ్వనిని కొన్ని మిల్లీసెకండ్లు ఆలస్యపఱచిన సరిపడును.

ఇవన్నియు సరిచూచి, అత్తగారిని మరల పిలిచి, నలుగురి నడుమ కూర్చుండబెట్టి, వినబడుచున్నదా యని అడుగుడు. అప్పటికిని వినబడనిచో చెవివైద్యునకు జూపుట మన విధి. గదిలోనికి పంపుట గాదు.