మగవాడికి గదిలేని ఇల్లు

"విదేశం వెళ్ళివచ్చావు కదన్నా, సావనీరుకి యాత్రావ్యాసం ఒకటి వ్రాసిపెట్టు" అని మన యూనియన్ కార్యదర్శి నెలరోజులుగా నా గది తలుపు కొడుతున్నాడు. విదేశమంటే అతని దృష్టిలో లండనో, న్యూయార్కో అయివుంటుంది. నేను వెళ్ళింది ఇండోనేషియాలో, పడమటి సుమత్రాలో, బతుసంగ్కర్ పట్నానికి దగ్గర్లో ఉన్న ఒక పల్లెటూరికి. 2023 జూన్‌లో మూడు వారాలు ఉన్నాను. ఇందులో నా ఘనతేమీ లేదు. మా శాఖలో చదువుకున్న మినాంగ్‌కబావు మిత్రుడొకడు, "సెలవులకి మా అక్కవాళ్ళింటికి రా" అని పిలిచాడు. మా ఇంటికి అనకుండా అక్కవాళ్ళింటికి అంటాడేమిటని అప్పుడే నాకు అనుమానం తగిలింది. టిక్కెట్టు డబ్బులు ఎక్కడివన్న సంగతి తర్వాత చెబుతాను.

పడాంగ్ విమానాశ్రయం కప్పే రెండు వైపులా కొమ్ములు తిరిగి ఉంటుంది. అక్కణ్ణుంచి బస్సులో కొండలెక్కాం. అనాయి లోయలో జలపాతం సరిగ్గా రోడ్డు పక్కనే దూకుతుంది. బస్సు కిటికీలోంచి తుంపర మొహాన పడింది. పడాంగ్ పాంజాంగ్ చేరేసరికి చలి. ఒకవైపు మరాపి, మరొకవైపు సింగ్గలాంగ్, రెండూ అగ్నిపర్వతాలే. వాటి ఒళ్ళో మెట్లుమెట్లుగా వరిచేలు. మన కోనసీమ చేను ఎవరో మడతలు పెట్టి కొండకి ఆనించినట్టుంది. తిండి దగ్గర మాత్రం పరాయితనం కలగలేదు. మిరపకారం వాళ్ళు గుంటూరువాళ్ళకేమీ తీసిపోరు.

ఆ ఇంటిని 'రుమా గడాంగ్' అంటారు, అంటే పెద్దిల్లు. స్తంభాలమీద ఎత్తుగా కట్టిన పొడుగాటి చెక్క ఇల్లు. కప్పు కొసలు దున్నపోతు కొమ్ముల్లా ఆకాశంలోకి లేచి ఉంటాయి. పూర్వం తాటిజాతి చెట్టు నారతో కప్పేవారట, ఇప్పుడు రేకులు. లోపల ముందంతా ఒకటే చావిడి, వెనక వరసగా గదులు. ఆ రాత్రి చావిట్లో ఇద్దరికీ చాపలు పరిచారు.

"ఇందులో నీ గది ఏది?" అన్నాను.

"నాకు గది లేదు" అన్నాడు వాడు, తువ్వాలు లేదు అన్నంత మామూలుగా.

గదులు ఆడపిల్లలవి. పెళ్ళయిన ఒక్కొక్క కూతురికీ ఒక్కొక్కటి. మగపిల్లలు కాస్త ఊహ తెలియగానే రాత్రిళ్ళు 'సురావు'లో, అంటే ఊరి ప్రార్థనామందిరంలో పడుకునేవారు. చదువూ, ఖురానూ, కర్రసామూ అక్కడే. పెళ్ళయ్యాక భార్య ఇంటికి పోవడం. అక్కడా అల్లుడు అతిథే. మోడుమీది బూడిద అని సామెత, గాలి వీస్తే ఎగిరిపోతుందని. ఇప్పుడు ఇదంతా చాలావరకు సడలింది. మొగుడూ పెళ్ళాం పిల్లలూ వేరే ఇటుకల ఇల్లు కట్టుకుని ఉండటమే ఎక్కువ. అయినా ఆ ఇల్లు లేచేది తరచుగా భార్య తరపు స్థలంలోనే.

వీళ్ళు ముస్లిములు, నిష్ఠగల ముస్లిములు. వంశం మాత్రం తల్లివైపునుంచి లెక్క. 2010 జనాభా లెక్కల్లో ఇండోనేషియాలో సుమారు 64 లక్షలమంది. ఇంతపెద్ద మాతృవంశ సమాజం ప్రపంచంలో మరొకటి లేదంటారు. ఆస్తి రెండు రకాలు. తరతరాలుగా వచ్చిన పొలం, ఇల్లు 'పుసాకో తింగ్గి', పై ఆస్తి. అది అమ్మకూడదు, పంచకూడదు. తల్లినుంచి కూతుళ్ళకి అనుభవహక్కుగా దిగుతుంది. సొంత కష్టార్జితం 'పుసాకో రందా', కింది ఆస్తి. ఇది ఇస్లాం ధర్మం ప్రకారం పిల్లలకి పోవచ్చునని 1952 లో బుకిత్తింగ్గిలో పెద్దలు చేరి తేల్చారు. అలాగని ఆడవాళ్ళ రాజ్యం అనుకోకండి. 'దాతుక్' బిరుదు మగవాడిదే, మామనుంచి మేనల్లుడికి వస్తుంది. ఊరి సభలో మాట్లాడేదీ మగవాడే. మేనమామని 'మామక్' అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఎవరో మన ఇంట్లోవాళ్ళని పిలుస్తున్నట్టు తల తిప్పేవాణ్ణి.

మరి గదిలేని మగవాడు ఏంచేస్తాడు? ఊరు విడిచిపోతాడు. దాన్ని 'మరంతావు' అంటారు. సంపాదించి, చదివి, పేరు తెచ్చుకుని రావాలి. స్వతంత్ర ఇండోనేషియా తొలి ఉపాధ్యక్షుడు హట్టా 1902 లో పుట్టింది బుకిత్తింగ్గిలోనే. ఆయనలాంటివారిని వదిలేస్తే, మిగతావాళ్ళు హోటళ్ళు పెడతారు, బట్టలమ్ముతారు. దేశంలో ఏ పట్నంలో దిగినా చేతిమీద పళ్ళాలు దొంతర పేర్చుకుని వచ్చే పడాంగ్ భోజనశాల కనిపిస్తుంది.

మా వాడి అన్న అలాగే జకార్తాలో బట్టలకొట్టు పెట్టాడు. నేనున్న రెండోవారంలో ఊరొచ్చాడు. భోజనాలయ్యాక చావిట్లో అందరూ కూచున్నారు. మామక్ గోడకి ఆనుకుని, ఆడవాళ్ళు గదుల వైపు, మధ్యలో అమ్మమ్మ. అన్నకి కొట్టు పెంచడానికి పెట్టుబడి కావాలి. వాగు పక్క పొలం తాకట్టు పెడదామన్నాడు. అక్కడ తాకట్టు బంగారం లెక్కన పెడతారు, ఎప్పుడైనా విడిపించుకోవచ్చు. మా వాడు నా చెవిలో తర్జుమా చేస్తున్నాడు.

అమ్మమ్మ చాలాసేపు పలకలేదు. తర్వాత ఒక్కొక్కటే అడిగింది.

"ఇంట్లో శవం లేచే దారిలేక ఉందా?"

"లేదు."

"పెద్దిల్లు కారుతోందా?"

"లేదు."

"ఈడొచ్చిన పిల్లకి పెళ్ళి ఆగిందా?"

"లేదు."

"దాతుక్ పీఠం ఖాళీగా ఉందా?"

మామక్ నవ్వాడు. ఆ పీఠం మీద ఉన్నది ఆయనే. పై ఆస్తి తాకట్టు పెట్టడానికి ఆచారం ఒప్పుకునే కారణాలు ఆ నాలుగే. కుదరదన్న తీర్పు గంభీరంగా చెప్పింది మామకే గానీ, ఆ తీర్పు ఎవరిదో అందరికీ తెలుసు. తెల్లవారి పిన్ని తన సొంత బంగారు గాజు తీసి అన్న చేతిలో పెట్టింది. అది కింది ఆస్తి, ఎవర్నీ అడగక్కర్లేదు. నెలరోజులైనా చెడదని రెందాంగ్ కూర మూట కట్టి బస్సెక్కించారు.

ఆ సాయంత్రం అమ్మమ్మ నా వైపు తిరిగింది. "మీ ఊళ్ళో పొలం ఎవరిది?"

"మాది. రెండున్నర ఎకరాలు. నాన్న పోయాక నా పేర వచ్చింది."

"అక్కచెల్లెళ్ళు లేరా?"

"అక్క ఉంది. తన వాటా నాకు వ్రాసి ఇచ్చేసింది."

మా వాడు తర్జుమా చెయ్యడానికి తడుముకున్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది: "తనే ఇస్తానందా? మీరు అడిగారా?"

మన రాష్ట్రంలో 1986 లో, దేశమంతటా 2005 లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇస్తూ చట్టాలు వచ్చాయి. ఆ సంగతి గొప్పగా చెబుదామని నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే అడిగింది నేనే. నా పై చదువుకని ఎకరం అమ్మాలంటే అక్క సంతకం అడ్డమొచ్చింది. బావ ముభావంగా నిలబడ్డాడు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో అక్క ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టింది, కాగితం చదవలేదు. ఆ ఎకరం డబ్బుల్లో మిగిలిందే నా విమానం టిక్కెట్టు.

"అడగలేదు" అన్నాను అమ్మమ్మతో. మా వాడు తర్జుమా చేశాడు. ఆవిడ తల ఊపి వక్క నమలడంలో పడిపోయింది.

2024 మేలో మరాపి కొండమీది బూడిద, బండరాళ్ళు వరదతో దిగి చాలా ఊళ్ళు ముంచాయి. అనాయి లోయ రోడ్డు తెగిపోయింది. వాళ్ళ వాగు పక్క పొలం సగం ఇసుకమేట వేసిందని మా వాడు వ్రాశాడు. మేట తీయించడానికి జకార్తానుంచి డబ్బు పంపింది అన్నేనట. పొలం తన పేర లేదు, రేపు తన పిల్లలకీ రాదు.

మొన్న సంక్రాంతికి అక్క వచ్చింది. మా ఇంట్లో మూడు గదులు. తను హాల్లో పడుకుంది, ఎప్పటిలాగే. పండగ వెళ్ళాక దస్తావేజులు వ్రాసేవాయన దగ్గరికి వెళ్ళి, మిగిలిన ఎకరంన్నరలో సగం అక్క పేర వ్రాయడానికి ఎంత ఖర్చవుతుందని అడిగాను. ఆయన కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడు ఎందుకండీ ఇది? ఆవిడ అడిగిందా?"

"అడగలేదు" అన్నాను.