బాపు లారీ, నా లెక్క

మా బాపు చంద్రపూర్‌లో బొగ్గు లారీ నడుపుతాడు. రాత్రి డ్యూటీ ఉంటే, హారన్ వినబడేదాకా అమ్మ పడుకోదు.

యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న వచ్చింది: వేగం రెట్టింపు అయితే, అదే బ్రేకు బలంతో బండి ఎంత దూరంలో ఆగుతుంది? "రెండింతలు" అని రాశాను. తప్పయింది. బాపుకు చెప్తే, "రెండింతలే అనుకుంటే పానం పోతది బిడ్డా" అన్నాడు. ఆయన చదివింది ఏడో తరగతే.

ఆ రాత్రి పని-శక్తి సిద్ధాంతం మళ్లీ చదివాను. వస్తువుపై జరిగిన మొత్తం పని, దాని గతిజశక్తిలో వచ్చిన మార్పుకు సమానం. లోడుతో లారీ 25,000 కిలోలు, బ్రేకు బలం 1,00,000 న్యూటన్లు అనుకున్నాను. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు. గతిజశక్తి ½ × 25,000 × 10² = 12,50,000 జౌళ్లు. దీన్ని బలంతో భాగిస్తే ఆగే దూరం 12.5 మీటర్లు. వేగం 72 కి.మీ. అయితే శక్తి 50,00,000 జౌళ్లు, దూరం 50 మీటర్లు. నాలుగింతలు! వేగానికి వర్గం ఉందని నేను మరిచాను. బ్రేకు తొక్కేలోపు బండి పోయే దూరం ఇందులో కలపనే లేదు. వానకు రోడ్డు తడిస్తే దూరం ఇంకా పెరుగుతుంది.

కాగితం చూసి బాపు చాలాసేపు మాట్లాడలేదు. "తెలిసీ తొందర పడతం బిడ్డా. ట్రిప్పుల లెక్కన పైసలు" అన్నాడు. తర్వాత దాన్ని మడిచి, అంగీ జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

ఇప్పుడు అమ్మ పక్కన నేను కూడా కూర్చుంటున్నాను. హారన్ కాస్త ఆలస్యంగా వినబడుతోంది. మాకు అదే సంతోషం.