సరాయ్‌లో దోసపాదు

ఢిల్లీలో సరాయ్ అన్న మాటను పేరులో నిలుపుకున్న ఊళ్ళు చాలా ఉన్నాయి. యూసఫ్ సరాయ్, షేక్ సరాయ్, లాడో సరాయ్, బేర్ సరాయ్, జియా సరాయ్, యమున వైపున సరాయ్ కాలే ఖాఁ. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ప్రహరీ కట్టిన ఆవరణ, నడుమ బావి, చుట్టూ గదులు, ఒక రాత్రి విడిది, తెల్లవారితే మళ్ళీ ప్రయాణం. సుల్తానులు, సూర్ వంశీయులు, మొగలులు రహదారుల వెంట ఇటువంటి విడుదులను కట్టించారు. ఆ బాటసారులు పోయారు, విడుదులూ చాలావరకు పోయాయి, పేర్లు మిగిలాయి. నేను నివసించే కటవారియా సరాయ్ అటువంటి పేర్లలో ఒకటి. కుతుబ్ మీనారుకూ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ నడుమ, సంజయ్ వన్ అడవికి చేరువగా ఉన్న ఈ పల్లెను నగరం ఏనాడో చుట్టుముట్టింది. అయినా ‘లాల్ డోరా’ అనే రెవిన్యూ హద్దు లోపల తన ఇరుకు సందులను అది వదులుకోలేదు. ఇప్పుడు అది మరొక విధంగా సత్రమే. విశ్వవిద్యాలయాల విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు దేశం నలుమూలలనుంచి వచ్చి ఒక్కొక్క గదిలో ఇద్దరు ముగ్గురుగా దిగుతారు. రెండు మూడేళ్ళుండి వెళ్ళిపోతారు. ఒకదానినొకటి ఆనుకున్న నాలుగైదు అంతస్తుల ఇళ్ళ మధ్య నేలమీద తులసికోటకైనా చోటు లేదు. మొక్క పెంచాలంటే డాబామీదనే పెంచాలి.

సత్రంలో దిగినవాడు సాధారణంగా విత్తనం నాటడు. నాటినవాడు కాపుదాకా ఆగాలి. మళ్ళీ విత్తనం కట్టుకోవాలనుకుంటే కాయ ముదిరి పండేదాకా మరికొన్ని వారాలు ఆగాలి. నేను 2013 నుంచి ఏటా ఈ డాబామీద దోసగింజలు నాటి, విత్తనం కట్టుకుంటూ వస్తున్నాను. ఇందులో సాహసమేమీ లేదు. కాని ఈ పనిలో నాకు ఎదురైన ఒక చిక్కు చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించేది కనుక రాస్తున్నాను.

దోసకు ముందు ఆకుకూరల సంగతి కొంత చెప్పాలి. ఢిల్లీ పల్లెలకు ఆకుకూరలు కొత్తవి కావు. మన తోటకూర ఇక్కడ చౌలాయీ. గంగవావిలి ఇక్కడ కుల్ఫా. మనవాళ్ళు చక్రవర్తికూర అని అంత గొప్ప బిరుదిచ్చిన ఆకు ఇక్కడ బథువా. గోధుమ చేలలో తనంతట తాను మొలిచే కలుపు. చలికాలంలో దానిని కలిపిన రొట్టె, పెరుగుపచ్చడి లేని ఇల్లు ఈ ఊళ్ళో ఉండదు. గోంగూర మాత్రం ఇక్కడివారికి కూరగా తెలియదు. మా ఇంటి యజమాని తల్లిని అందరూ అమ్మాజీ అంటారు. ఎనభై దాటిన మనిషి. నా కుండీలోని ఆకును తుంచి, నమిలి, ముఖం చిట్లించి, ఇది పట్సన్ కదా, నార తీసేది కదా, దీన్ని తింటారా అని అడిగింది. ఆమె పోల్చుకున్నది సరిగానే పోల్చుకున్నది. గోంగూరా, నారకోసం పెంచే ఆ మొక్కా మందార కుటుంబంలో దగ్గర చుట్టాలు. మనం ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకునే ఈ మొక్క జన్మస్థానం ఆఫ్రికా అన్న సంగతి ఆమెకు చెప్పలేదు కాని, చెప్పినా ఆశ్చర్యపడేది కాదనుకుంటాను. సూడాన్ ప్రజలు దీని ఎర్రని పూదొప్పలతో పానీయం కాచుకుంటారు. మనం ఆకును నూనెలో మగ్గించి కారం కలుపుతాం. ఆ కారానికి మూలమైన మిరపకాయ కూడా పోర్చుగీసువారి రాక తరువాత అమెరికా ఖండంనుంచి వచ్చినదే. మన వంటింట్లో ఏది మనది అని లెక్క తీస్తే మిగిలేది తక్కువ.

గోంగూర ఈ ఊళ్ళో పెరిగే తీరులో మరొక విశేషమున్నది. పగటివేళ తగ్గినప్పుడే పూచే మొక్క అది. కృష్ణాజిల్లాలో జూన్ చివర పగలు 13 గంటలకు కొంచెం ఎక్కువ. ఢిల్లీలో దాదాపు 14 గంటలు. అందువల్ల మార్చిలో చల్లిన గోంగూర ఇక్కడ వేసవి పొడుగునా, వానల పొడుగునా ఆకులే వేస్తూ పోతుంది. శరత్తు వచ్చి పగలు కుదించుకుపోయాక గాని మొగ్గ తొడగదు. కాయ ఎండేసరికి డిసెంబరు వస్తుంది, చలి తరుముకొస్తుంది. ఆకు కావలసినవానికి ఢిల్లీ దయగల ఊరు. విత్తనం కావలసినవానికి కాదు. చుక్కకూర ఇందుకు భిన్నం. చలికాలమే దానికి అనుకూలం. అక్టోబరులో చల్లితే మాఘమాసందాకా కోసుకోవచ్చు. బచ్చలి గింజ గట్టిది. రాత్రంతా నానబెట్టినా మొలవడానికి పది రోజులు తీసుకుంటుంది, తొలి చలిగాలికే తీగ నల్లబడుతుంది. మన పంచాంగంలోని కార్తెలు ఇక్కడ పనికిరావు. మృగశిర కార్తెకు మనకు తొలకరి. ఢిల్లీకి ఋతుపవనం జూన్ ఆఖరి వారంలో గాని రాదు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె మాత్రం రెండుచోట్లా ఒక్కటే. ఇక్కడ ‘లూ’ అనే వడగాలి అదనం.

ఇక దోస. 2013లో మా అమ్మ చివరిసారి ఢిల్లీ వచ్చినప్పుడు చీరకొంగున ముడివేసి ముప్పై గింజల దాకా తెచ్చింది. మా పెరటి దోస పిడికిలికన్న కొంచెం పెద్దది. పసుపుమీద ఆకుపచ్చ చారలు, గట్టి తొక్క, గింజలచుట్టూ పులుపు. కోసి నెల రోజులు గడపలో పెట్టినా చెడదు. పప్పులోకి, ముక్కల పచ్చడికి, దోసావకాయకు అదే. అమ్మ 2016లో పోయింది. ఆ తరువాత పెరడు అమ్మకమైంది. ఇప్పుడక్కడ పెళ్ళిమండపం ఉన్నది. ఊళ్ళో బంధువులను విచారించాను. అందరూ అంగట్లో పొట్లాలు కొని నాటుతున్నారు. ఆ పొట్లాలలోని సంకరజాతి విత్తనం బాగా కాస్తుంది, అందులో సందేహం లేదు. కాని దాని గింజను దాచి మరుసటి ఏడు నాటితే వెనకటి కాయ రాదు. ఈ విధంగా మా పెరటి దోస మాకు తెలిసినంతవరకు ఈ డాబామీద తప్ప మరెక్కడా మిగలలేదు.

ఇంటి కాయకోసం బెంగపెట్టుకున్నవారిలో ఈ నేలమీద నాకన్న చాలా పెద్దవాడొకడున్నాడు. 1526లో పానిపట్టు గెలిచిన బాబరు తన ఆత్మకథలో హిందూస్థానపు లోపాలను ఏకరువు పెడుతూ ఇక్కడ మంచి కర్బూజాలు లేవని, ద్రాక్ష లేదని, మంచుగడ్డ లేదని రాసుకున్నాడు. 1529లో కాబూలులోని తన మిత్రుడు ఖ్వాజా కలాన్‌కు రాసిన ఉత్తరంలో, ఎవరో తెచ్చి ఇచ్చిన కర్బూజాను కోసి తింటూ కన్నీరు పెట్టుకున్న సంగతి దాచకుండా చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. బల్ఖునుంచి వచ్చిన ఒక తోటమాలిచేత ఆగ్రాలో కర్బూజాలు పెంచించాడు. ఆ ఏటి వేసవిలోనే చిన్నవైనా చక్కని కాయలు దిగాయి. హిందూస్థానంలోనూ ఇవి ఇంత బాగా పండుతాయన్న తృప్తిని ఆ మహారాజు తుర్కీ భాషలో నమోదు చేశాడు. రాజ్యాలు గెలిచిన వృత్తాంతాలకన్న ఆ నాలుగు వాక్యాలు నాకు ఇష్టం.

ఆయన కర్బూజా, మన దోస వృక్షశాస్త్రం ప్రకారం ఒకే జాతి. కుకుమిస్ మెలో అన్నది దాని పేరు. పచ్చిగా తినే కీర వేరే జాతి. ఢిల్లీ వేసవి బండ్లమీద కట్టలుగా అమ్మే పొడవాటి కకడీ, పండి పగిలే ఫూట్ కూడా ఆ దోస జాతిలోనివే. నా చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఒకే జాతి కనుక తేనెటీగ వీటి మధ్య తేడా చూడదు. పక్క డాబామీద ఎవరో కకడీ పెంచితే, ఆ పుప్పొడి నా దోసపువ్వుకు చేరుతుంది. ఆ ఏడు కాయలో మార్పేమీ కనిపించదు. మరుసటి ఏడు ఆ గింజ మొలిచి కాసినప్పుడు పొడుగూ కాదు గుండ్రమూ కాదు, పులుపూ కాదు తీపీ కాదు.

అందుచేత ఫిబ్రవరి మొదలుకొని ఒక క్రమం పాటిస్తాను. చలి పూర్తిగా తగ్గకముందు దోసగింజ మట్టిలో పడితే కుళ్ళిపోతుంది; దానికి వెచ్చదనం కావాలి. అలాగని ఎండలు ముదిరాక నాటితే తీగ మగపూలే పూస్తుంది, పిందె నిలవదు. కనుక గింజలను కొద్ది గంటలు నానబెట్టి, తడిబట్టలో చుట్టి, రిఫ్రిజిరేటరు స్టెబిలైజరుమీద పెడతాను. అది ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. మూడోనాటికి తెల్లని మొన కనిపిస్తుంది. అప్పుడు ఒక్కొక్క గింజను మట్టి నింపిన విస్తరాకు దొన్నెలో నాటుతాను. దోస వేరు కదిలిస్తే ఓర్చుకోదు. దొన్నెతో సహా కుండీలోకి దించితే దొన్నె మట్టిలో కలిసిపోతుంది, వేరుకు కదలిక తెలియదు. మొలకలపై వల కప్పకపోతే సంజయ్ వన్‌నుంచి వచ్చే నెమళ్ళు మిగల్చవు. జాతీయ పక్షి కనుక మందలించడానికి కూడా మనసు రాదు.

పూత కాలంలో, తెల్లవారితే విచ్చుకోబోయే పిందెపువ్వులను ముందటి సాయంత్రమే గుర్తించి పలుచని గుడ్డతో మూసి కడతాను. ఉదయం ఆఫీసుకు తయారవకముందే మగపువ్వు రేకలు తీసి, పుప్పొడిని పిందెపువ్వుకు తాకించి, మళ్ళీ మూసి, కాడకు పసుపు దారం కడతాను. పెళ్ళి అయినట్టు గుర్తు. పదింటిలో నాలుగు నిలిస్తే అదృష్టం. ఆ కాయలను వంటకు ముట్టుకోము. బాగా పండనిచ్చి, కోసి, మొదట రుచి చూడాలి. చేదు దోస గింజను ఉంచితే చేదే మిగులుతుంది. మంచి కాయల గింజలను గుజ్జుతో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి సీసాలో పోస్తాను. అమ్మ అయితే పేడపిడకలో పొదిగి గోడకు కొట్టేది. ఈ ఇంటి గోడ నాది కాదు.

అభిలేఖాగారాలలో కొంతకాలం గడిపినవాడిని కనుక ఈ పని చేస్తున్నప్పుడల్లా ఒక పోలిక తోస్తుంది. పాత కాగితాన్ని ఎంత తక్కువగా ముట్టుకుంటే అంత కాలం ఉంటుంది. విత్తనం దానికి పూర్తిగా ఎదురు. ముట్టుకోకుండా భద్రపరిస్తే నాలుగైదేళ్ళలో చచ్చిపోతుంది. నాటాలి, ఎండకూ పురుగుకూ అప్పగించాలి, మళ్ళీ సంపాదించుకోవాలి. ఢిల్లీలోనే, పూసాలో, జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థవారి జన్యుబ్యాంకు ఉన్నది. 1976లో ఏర్పడిన ఆ సంస్థలో నాలుగు లక్షలకు పైగా నమూనాలు, తేమ తీసి, సున్నాకు 18 డిగ్రీల దిగువన నిలవ ఉన్నాయి. అంతటి చలిలోనూ మొలకశక్తి మెల్లగా తగ్గుతుంది. కొన్నేళ్ళకొకసారి పరీక్షించి, తగ్గినవాటిని మళ్ళీ పొలంలో నాటి కొత్త గింజ తీయవలసిందే. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు చేసే పని కూడా అదే. బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాస్తారు. విత్తనం పుచ్చుకున్నవారు అంతకు మించి తిరిగి ఇవ్వాలన్నది వారి కట్టుబాటు. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకోవడం, నాటుకోవడం, పంచుకోవడం రైతు హక్కుగా గుర్తించింది. చాలా మంచి చట్టం. అయితే దాచుకునేవారు లేనప్పుడు ఆ హక్కు కాగితంమీద ఎంతకాలమైనా భద్రంగానే ఉంటుంది.

జన్యుబ్యాంకుకు మా దోసను ఇవ్వాలనుకున్నాను. అక్కడ ప్రతి నమూనాకూ పాస్‌పోర్టు అనే వివరణ ఉంటుంది: స్థానిక నామం, సేకరించిన స్థలం, నేల స్వభావం వగైరా. ఆ వివరాలను ముందుగా కాగితంమీద రాసుకుంటూ సేకరించిన స్థలం దగ్గర ఆగిపోయాను. కృష్ణాజిల్లా అని రాయడం న్యాయమా? ఏటా ఢిల్లీ ఎండకు తట్టుకున్న తీగలనుంచే నేను గింజ తీస్తున్నాను. తట్టుకోలేనివి రాలిపోయాయి. ఇప్పుడిది తొలి ఏళ్ళకన్న వారం ముందుగా పూస్తున్నది, కాయ కొంచెం చిన్నదయింది. అమ్మ తెచ్చిన గింజకు ఇది నకలు కాదు, సంతతి. పత్రమైతే నేను దీనిని మూలప్రతి అని ధ్రువీకరించను. చివరకు ‘కటవారియా సరాయ్, పూర్వం కృష్ణాజిల్లా’ అని రాశాను.

ఈ ఏడు గింజలను మూడు పొట్లాలుగా కట్టాను. ఒకటి పూసాకు. ఒకటి కింది గదిలో చదువుకుంటూ ఈ నెలలో నంద్యాల తిరిగి వెళుతున్న కుర్రవాడికి. వాళ్ళ అమ్మమ్మగారికి బావి కింద అర ఎకరం ఉన్నదట. మూడవది నా సీసాలో ఉండవలసినది. అమ్మాజీ మెట్లెక్కి వచ్చి, హర్యానాలో తన పుట్టింటివారి పొలం గట్టున వేయిస్తాను, నాకూ ఇవ్వు అన్నది. కిందటి వేసవి మేము పంపిన దోసకాయ పప్పు ఆమెకు నచ్చిందట. అక్కడ ఫూట్ వేస్తారు కదా అమ్మాజీ, రెండూ కలిసిపోతాయి, మరుసటేటికి ఇది ఇలా ఉండదు అన్నాను. ఆమె కొంచెంసేపు నా ముఖం చూసి, కలిస్తే ఏమయింది బేటా, అదీ కాయే ఇదీ కాయే, ఏది బాగుంటే దాని గింజ ఉంచుకుంటాం అన్నది. ఇరవై గింజలు లెక్కపెట్టి ఆమె దోసిట్లో పోశాను. చాలవని మరో పది అడిగి పుచ్చుకున్నది.